పాత జీపుకి టర్బో ఇంజన్: కంపెనీ మేనిఫోల్డ్ పారేయకండి

ఇంజన్ మార్పిడి పని ఒప్పుకున్నాక మొదటి వారం అందరికీ హుషారుగానే గడుస్తుంది. పాత ఇంజన్ దిగుతుంది. ఇంకో బండిలోంచి తెచ్చింది చైన్ బ్లాకుకి వేలాడుతూ లోపలికి వెళ్తుంది. గేర్‌బాక్స్ కలుస్తుంది, మౌంటింగులకి టాకాలు పడతాయి, ఓనర్ వచ్చి ఫొటో తీసుకుంటాడు. పని ఇరుక్కునేది రెండో వారంలో, ఎగ్జాస్ట్ దగ్గర. టర్బో వెళ్లి ఛాసిస్‌కి తగులుతుంది, లేదా స్టీరింగ్ రాడ్డుకి బెత్తెడు దూరంలో ఆగుతుంది. అప్పుడు షెడ్డులో ఎవరో ఒకరు అంటారు: "ఈ బీడు మేనిఫోల్డ్ తీసి పారేసి, పైపులతో ఒకటి కట్టేద్దాం గురూ."

మన డబ్బులు పోవడం ఆ మాట దగ్గర మొదలవుతుంది. నావీ పోయాయి కాబట్టే రాస్తున్నాను.

మాది రాజాం. మా దగ్గరికి వచ్చే పనులు ఎలాంటివో ముందే చెప్పాలి, సలహా దాన్నిబట్టే ఉంటుంది. రేసు కార్లు కావు. సీతంపేట ఏజెన్సీ వైపు కొండెక్కి దిగిన పాత మహీంద్రా కమాండర్ జీపులు, తోటల్లో తిరిగే బండ్లు, క్వారీ గేటు దాటని బండ్లు, రైసు మిల్లులో జనరేటర్‌కి బిగించిన లారీ ఇంజన్లు. ఓనర్ హార్స్‌పవర్ అడగడు. ఎత్తు మీద లోడుతో నిలబడిపోకూడదు అంటాడు. ఆయన చేతిలో డబ్బు తక్కువ, తొందర ఎక్కువ.

పాత కమాండర్లలో చాలావాటికి 2112 సీసీ ప్యూజో డీజిల్ ఉండేది, టర్బో లేదు. దాని చోట జనం అడిగేది బొలేరోలో వచ్చిన 2523 సీసీ డీఐ టర్బో. చిన్న బండ్లకైతే 1248 సీసీ మల్టీజెట్, అంటే స్విఫ్ట్ డీజిల్‌లోది. స్విఫ్ట్ డీజిల్ 2007లో వచ్చింది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 రాగానే మారుతి డీజిల్ కార్లు మానేసింది. రోడ్డెక్కినవన్నీ ఒక్కొక్కటే తుక్కు కొట్లకి చేరుతున్నాయి కాబట్టి సామాను దొరకదన్న బాధ లేదు. దొరికిన సామాను తెలివిగా కొనాలి, అంతే.

కొనేటప్పుడు నేను పట్టుబట్టేది ఒక్కటే. ఎగ్జాస్ట్ వైపు సామానంతా ఒకే బండిలోంచి సెట్టుగా కొనండి. మేనిఫోల్డ్, టర్బో, వాటి మధ్య ప్యాకింగ్, టర్బోకి ఆయిల్ వచ్చే పైపు, ఆయిల్ ఛాంబర్‌కి దిగే పైపు, టర్బో కింద నుంచి బయల్దేరే సైలెన్సర్ పైపు మొదటి వంపు, వేడి అడ్డే రేకు, టర్బోని బ్లాకుకి పట్టి ఉంచే బ్రాకెట్. ఆ బ్రాకెట్‌ని తుక్కు కొట్టువాడు ఇనపముక్క అని పక్కన గిరాటేస్తాడు. అడిగి వెతికించండి. తర్వాత మీరు లేత్ దగ్గర నిలబడి చేయించుకునే ఏ ముక్కా దానిలా కుదరదు.

రెండో మాట దీనికి తోకలాంటిది. ఇంజన్ కూర్చునే చోటు టర్బోని చూసి నిర్ణయించండి. మనవాళ్లు మౌంటింగులకి పూర్తి వెల్డింగ్ కొట్టేసి, ఆ తర్వాత మేనిఫోల్డ్ బిగించి చూస్తారు. మేనిఫోల్డ్, టర్బో, మొదటి వంపు బిగించిన ఇంజన్నే లోపలికి దించండి. టాకాలు మాత్రమే వేయండి. ఇంజన్ 20 మిల్లీమీటర్లు ముందుకో ఎడమకో జరిగితే తీరిపోయే సమస్యకి కొత్త మేనిఫోల్డ్ కట్టడం, చెప్పు కరిచిందని కాలు కోసుకోవడం లాంటిది.

ఇక బీడు మేనిఫోల్డ్ ఎందుకు మంచిదో లెక్కతో చూద్దాం. నాలుగు సిలిండర్ల డీజిల్‌కి మేనిఫోల్డ్ పొడవు 400 మిల్లీమీటర్లు అనుకోండి. లోడు మీద అది 600 డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, బీడు దాదాపు 3 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. అదే స్టెయిన్‌లెస్ స్టీలైతే 4 దాటుతుంది. హెడ్డు మాత్రం నీళ్లతో చల్లబడుతూ ఉంటుంది కాబట్టి ముప్పావు మిల్లీమీటరు కూడా పెరగదు. ఫ్లాంజి దగ్గర వేడి కాస్త తక్కువే ఉంటుంది, అయినా సంగతి అర్థమైంది కదా. ఒకటి సాగుతానంటుంది, రెండోది కదలనంటుంది, మధ్యలో నలిగేది స్టడ్డులూ ప్యాకింగూ. కంపెనీవాళ్లకి ఈ గొడవ తెలుసు. అందుకే మేనిఫోల్డ్ చివరి హోళ్లు స్టడ్డు కన్నా పెద్దగానో కోలగానో ఉంటాయి. ఆరు సిలిండర్ల లారీ ఇంజన్లలో మేనిఫోల్డ్‌ని రెండు మూడు ముక్కలుగా పోసి, ఒకదాంట్లో ఒకటి జారేలా రింగులతో కలుపుతారు. అది పెరిగే కొద్దీ జారడానికే.

మా షెడ్డులో ఒక కుర్రాడు చాలా శ్రద్ధగల పనివాడు. చివరి హోళ్లు వదులుగా ఉన్నాయని గమనించి, ఎవరికీ చెప్పకుండా లేత్ మీద చిన్న బుష్షులు తిప్పించి బిగించాడు. చూడ్డానికి చక్కగా, గట్టిగా కూర్చుంది. పది రోజుల్లో మూడో నాలుగో సిలిండర్ల మధ్య చీలింది. వదులుగా ఉన్నదల్లా లోపం కాదు. ఆ వదులు కంపెనీ కావాలని పెట్టింది.

నా తప్పు ఇంతకన్నా ఖరీదైనది. చాలా ఏళ్ల కిందట ఒక క్వారీ జీపుకి నేనే పైపు వంపులు కోసి మేనిఫోల్డ్ కట్టాను. గోడ పల్చగా ఉన్న పైపు, టర్బో బరువంతా ఆ పైపుల మీదే, బ్రాకెట్ లేదు. స్టార్ట్ చేసిన రోజు ఎంత అందంగా ఉందో చెప్పలేను. నీలం, బంగారం రంగులు తేలాయి. మూడు వారాలకి వెల్డింగ్ పక్కనే వెంట్రుకంత గీత. ఓనర్ వచ్చి, "ఏటి మేస్త్రీ, బండి పిట్టలాగ కూత పెడతంది?" అన్నాడు. అతికాను. మళ్లీ పగిలింది. చివరికి డోనర్ బండి మేనిఫోల్డ్‌కే తిరిగి వచ్చి, ఇంజన్ మౌంటింగు కోసి జరిపాను. మూడుసార్లు పని, ఒకసారి డబ్బు.

పైపు మేనిఫోల్డ్ చెడ్డదని అనను. మందం ఉన్న పైపు, మంచి టిగ్ వెల్డరు, గట్టి ఫ్లాంజి, సాగడానికి తావు ఉంటే అది కంపెనీ దాన్ని మించి పనిచేస్తుంది. కానీ 60 నుంచి 120 హార్స్‌పవర్ మధ్య తిరిగే మన డీజిళ్లకి ఆ తేడా డ్రైవర్ కాలికి తెలియదు. పైగా టర్బోకి కావలసింది వేడి, ఒత్తిడి ఉన్న గాలి. దళసరి బీడు, పొట్టి దారి ఆ వేడిని టర్బో దాకా నిలుపుతాయి. అమెరికాలో తక్కువ డబ్బుతో టర్బోలు కట్టుకునేవాళ్లు కూడా పాత షెవర్లే పికప్పుల 4.8, 5.3 లీటర్ల వీ8 ఇంజన్లకి కంపెనీ బీడు మేనిఫోల్డ్‌లనే తిరగేసి, మూతి ముందుకు వచ్చేలా బిగించి వాడుతుంటారు. వాళ్లు తెచ్చే పవర్ మన జీపుకి ఎన్నో రెట్లు.

ఇప్పుడు తుక్కు కొట్టులో నిలబడి ఏం చూడాలి. వైరు బ్రష్షు, స్టీలు స్కేలు, ఫీలర్ గేజి, సీసాలో కాస్త కిరసనాయిలు, జేబులో సుద్దముక్క. ఇవి లేకుండా మేనిఫోల్డ్ కొనడానికి వెళ్లకండి. తుప్పు గీకి, కిరసనాయిలు రాసి ఐదు నిమిషాలు ఆగండి. గుడ్డతో ఆరేలా తుడిచి సుద్ద పూయండి. పగులు ఉంటే లోపల దాక్కున్న నూనె బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద సన్నటి తడి గీత గీస్తుంది. సిలిండర్ల మధ్య భాగాల్లోనూ, టర్బో కూర్చునే ఫ్లాంజి మూలల్లోనూ ముఖ్యంగా చూడండి. టర్బో లోపల రెండు దారుల్ని విడదీసే మధ్య గోడ మీద చిన్న గీతలు ఉంటే భయపడనక్కర్లేదు, పాత టర్బోల్లో అవి మామూలే. బయటి గోడ మీద గీత ఉంటే మాత్రం కింద పెట్టి వచ్చేయండి.

తర్వాత స్కేలు నిలబెట్టి హెడ్డుకి ఆనే ముఖం చూడండి. ఇంజన్ కంపెనీ పుస్తకంలో ఇచ్చిన హద్దు ఉంటే అదే ప్రమాణం. పుస్తకం లేకపోతే నేను 0.20 ఫీలర్ దూరిందంటే మెషినింగ్‌కి పంపుతాను. బాగా మెలితిరిగిన దాన్ని స్టడ్డులతో లాగి కూర్చోబెట్టాలని చూడొద్దు. బీడు వంగదు, విరుగుతుంది. మెషినింగ్ చేయించేటప్పుడు నాలుగు ముఖాలూ ఒకే మట్టానికి రావాలని చెప్పండి. ఒక్కో ముఖం విడిగా నున్నగా చేసి ఇచ్చిన లేత్ షాపులు ఉన్నాయి. అలా చేసింది ముందుకన్నా దరిద్రం.

టర్బో షాఫ్టుని వేళ్లతో పట్టి కదపండి. ముందుకీ వెనక్కీ కదలిక వేలికి తెలియకూడదు. పక్కలకి కొద్దిగా ఉంటుంది, కానీ ఎంత నొక్కి తిప్పినా రెక్క గోడకి రాసుకోకూడదు. రెక్క అంచు మీద ఒక్క నొక్కు కనిపించినా వదిలేయండి. నిమిషానికి లక్ష చుట్లు దాటే వస్తువు అది, చిన్న లోపం అంటూ ఉండదు.

చాలామంది అడిగేది, ఉన్న పాత ఇంజన్‌కే టర్బో తగిలించలేమా అని. టర్బో లేని ఇంజన్ మేనిఫోల్డ్‌కి మూతి కిందికి ఉంటుంది, అక్కడ ప్లేటు వేసి టర్బో కూర్చోబెట్టొచ్చు. కూర్చుంటుంది. అయితే ఆ మేనిఫోల్డ్ సైలెన్సర్ పైపు మోయడానికి పోసింది, ఐదారు కిలోల టర్బో మోయడానికి కాదు. అదొక్కటే అయితే బ్రాకెట్ వేసి సర్దుకోవచ్చు. కానీ ఆ ఇంజన్‌లో పిస్టన్ల అడుగున ఆయిల్ చిమ్మే జెట్లు ఉండవు, కంప్రెషన్ ఎక్కువ, పంపులో గాలి ఒత్తిడి చూసి డీజిల్ పెంచే ఏర్పాటు ఉండదు. డీజిల్ పెంచకపోతే టర్బో పెట్టి లాభం లేదు, పెంచితే పిస్టన్ కరుగుతుంది. అందుకే పూర్తి టర్బో ఇంజన్ మార్చడమే చవక అని ఓనర్‌కి మొదటి రోజే చెప్పేయండి.

ఇంకో రకం బేరం కూడా వస్తుంది. మేనిఫోల్డ్ ఒక ఇంజన్‌ది, టర్బో వేరేదానిది. ఫ్లాంజి కలవదు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు. ప్లేటు మందం 10-12 మిల్లీమీటర్లకి తగ్గితే వేడికి అప్పడంలా వంగుతుంది. అదీ తట్టుకున్నా, సైజు గొడవ అలాగే ఉంటుంది. కారు టర్బోని రెండున్నర లీటర్ల ఇంజన్‌కి పెడితే తొందరగానే తిరుగుతుంది కానీ పైన ఊపిరాడదు, ఎగ్జాస్ట్ వేడి మండిపోతుంది. లారీ టర్బో పెడితే ఎత్తు మీద అది మేలుకునేలోపు బండి ఆగిపోతుంది. ఏ ఇంజన్ టర్బో ఆ ఇంజన్‌కే. కొత్త కార్లలో అసలు ఈ చర్చే ఉండదు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో వచ్చిన ఒక లీటర్ ఎకోబూస్ట్ పెట్రోల్‌కి మేనిఫోల్డ్ హెడ్డులోనే కలిపి పోసేశారు. విడిగా తీసేదీ తిప్పేదీ ఏమీ లేదు.

తిప్పడం అన్నాను కాబట్టి అదీ చెప్పుకోవాలి. చోటు లేనప్పుడు మేనిఫోల్డ్‌ని తలకిందులు చేసి బిగిస్తే టర్బో కింద నుంచి పైకి వస్తుంది. కొన్ని ఇంజన్లకి ఇది బ్రహ్మాండంగా కుదురుతుంది. ముందు పాత ప్యాకింగ్‌ని తిరగేసి హెడ్డు మీద పెట్టి చూడండి. స్టడ్డులు కలిసినా, పోర్టు రంధ్రాలు పైకో కిందికో జరిగి ఉంటే దారి సగం మూసుకుపోతుంది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ మెకానికల్ పిల్లలు ఒకసారి ప్రాజెక్టు పని మీద వచ్చి, ఈ ప్యాకింగ్ కిటుకు చూసి కాలిపర్ జేబులో పెట్టేసుకున్నారు.

మేనిఫోల్డ్ తిరిగితే టర్బో కూడా తిరుగుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. టర్బో మధ్య భాగంలో ఆయిల్ పైనుంచి ఒత్తిడితో వస్తుంది, కిందికి మాత్రం దానంతట అదే కారి వెళ్లాలి. దాన్ని తోసేవాళ్లు ఎవరూ లేరు. కారే పైపు ఇంచుమించు నిట్టనిలువుగా ఉండాలి, ఎక్కడా నీళ్ల గొట్టంలా వంగి లేవకూడదు, ఛాంబర్‌లో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఒక మిల్లు జనరేటర్‌కి లారీ ఇంజన్ బిగించినప్పుడు గోడ అడ్డొచ్చి మేనిఫోల్డ్ తిప్పాం, టర్బో మధ్య భాగాన్ని తిప్పడం మరిచాం. ఆయిల్ కారే మూతి పక్కకి చూస్తోంది. పావుగంటలో మిల్లంతా తెల్లటి పొగ. టర్బో పోయిందని అందరూ తేల్చేశారు. టర్బో బాగానే ఉంది. మధ్య భాగం బోల్టులు వదులు చేసి, ఆయిల్ వచ్చే మూతి పైకి, కారే మూతి కిందికి వచ్చేలా తిప్పి బిగిస్తే పొగ పోయింది. ఆ ఆయిల్ జాయింట్లకి దారం చుట్టడం, టేపు చుట్టడం, సిలికాన్ పూయడం చేయకండి. ఒక పోగు లోపలికి వెళ్తే బేరింగ్ ఎండిపోతుంది. రాగి వాషర్ చాలు.

బిగించే ముందు మేనిఫోల్డ్ లోపల చూడటం మరిచిపోవద్దు. డ్రిల్ చేసిన పొడి, వెల్డింగ్ పూస, తుప్పు పెళ్లలు అన్నీ టర్బో రెక్కల మీదకే వెళ్తాయి, ఇంకెక్కడికీ దారి లేదు. కందిగింజంత వెల్డింగ్ పూస టర్బైన్ రెక్కల్ని కొరికేసిన టర్బో ఒకటి మా షెడ్డు గోడకి వేలాడదీసి ఉంచాను, కొత్తగా చేరిన కుర్రాళ్లకి చూపించడానికి. వేడి గేజి సెన్సర్ కోసం మేనిఫోల్డ్‌కి హోలు వేయాలన్నా ఇంజన్ మీద ఉండగా వేయొద్దు. విప్పి, వేసి, గాలి కొట్టి, అయస్కాంతం తిప్పి అప్పుడు బిగించండి. గేజి మాత్రం పెట్టించండి. డీజిల్‌కి టర్బో ముందు 700 డిగ్రీలు దాటి నిలకడగా ఉందంటే డీజిల్ తగ్గించాల్సిన పని మిగిలి ఉందని అర్థం.

స్టడ్డులు పాతవి వాడకండి. నూరు రూపాయల దగ్గర పిసినారితనం చేస్తే హెడ్డులో విరిగిన స్టడ్డు తీయడానికి ఒక పూట పోతుంది. విరిగితే ఈజీ అవుట్ దూర్చి దాన్నీ లోపల విరగ్గొట్టకండి. నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపి, ఆ వేడి మీద మెల్లగా ఇటూ అటూ తిప్పితే చాలావరకు వస్తుంది. బిగింపు మధ్య నుంచి చివర్లకి, రెండు విడతలుగా. ఎం8 స్టడ్డుకి సాధారణంగా 20-25 న్యూటన్ మీటర్లు చాలు. పానాకి పైపు తొడిగి బిగించే వీరత్వం ఇక్కడ పనికిరాదు.

పగిలిన మేనిఫోల్డ్‌ని అతకడం గురించి అడుగుతారు. వేరేది దొరికితే అతకొద్దు, ఇదే నా జవాబు. దొరకనప్పుడు మాత్రం పద్ధతిగా చేయాలి. పగులు రెండు చివర్లా చిన్న హోళ్లు వేసి అక్కడితో ఆపండి. వి ఆకారంలో గీకండి. ముక్క మొత్తాన్ని 300 డిగ్రీల దాకా వేడి చేసి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం చొప్పున కొట్టి, ప్రతిసారీ చిన్న సుత్తితో తట్టండి. అన్నిటికన్నా ముఖ్యం చల్లార్చడం. మా దగ్గర మిల్లుల పుణ్యమా అని ఊక బూడిదకి కొదవ లేదు. డ్రమ్ములో పొడి బూడిద పోసి, వెల్డింగ్ అయిన మేనిఫోల్డ్‌ని అందులో పూడ్చి, మర్నాడు పొద్దున్న తీస్తాం. తెల్లారి కూడా చేతికి గోరువెచ్చగా ఉంటుంది. గాలికి వదిలేస్తే గంటలోపే టంగుమని శబ్దం వస్తుంది, అదే కొత్త పగులు. ఇత్తడి రాడ్డుతో అతికే గ్యాస్ వెల్డింగ్ ఇక్కడ వద్దు. ఎగ్జాస్ట్ వేడికి ఇత్తడి మెత్తబడి పోతుంది.

మనది కుడి చేతి డ్రైవింగ్ కాబట్టి ఎగ్జాస్ట్ కుడివైపు ఉన్న ఇంజన్ పెడితే టర్బో పోయి స్టీరింగ్ రాడ్డు, బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఉన్న మూలలో కూర్చుంటుంది. తగలకపోతే చాలు అనుకుంటాం. చాలదు. డాట్-3 బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీలకి మరుగుతుంది, తేమ పీల్చుకున్న పాతదైతే 140కే. దిగుడులో బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, అందులో ఉన్నది గాలి బుడగలు. కాబట్టి కంపెనీ వేడి రేకు తప్పకుండా వేయండి, అది లేకపోతే మధ్యలో గాలి ఆడేలా రెండు పొరల రేకు మీరే చేయించండి. కింది నుంచి నీళ్లు కొట్టకుండా కూడా అడ్డు కావాలి. ఎత్తెక్కి వచ్చిన బండి నేరుగా గెడ్డలో దిగితే ఎర్రగా కాలిన బీడు మీద చన్నీళ్లు పడతాయి. ఏజెన్సీ బండ్లలో నేను చూసిన పగుళ్లలో కొన్ని అలా వచ్చినవే.

టర్బో తర్వాత వచ్చే సైలెన్సర్ పైపుకి ఒక మెత్తటి జాలీ పైపు ముక్క వేయండి, దాని తర్వాత పైపుని గేర్‌బాక్స్‌కి పట్టించండి, బాడీకి కాదు. ఇంజన్ ఊగినప్పుడల్లా గట్టి పైపు టర్బోని గుంజుతుంది, టర్బో మేనిఫోల్డ్‌ని గుంజుతుంది.

లీకు సంగతి మోసకారిది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే టిక్కు టిక్కుమంటుంది, వేడెక్కగానే బీడు సాగి సందు మూసుకుని ఊరుకుంటుంది. ఓనర్ బండి తెచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది, మనకి ఏమీ వినిపించదు. అలా బొబ్బిలి యుద్ధం సంగతి రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి అందినట్టు, లీకు కబురు మనకి అంతా అయిపోయాకే తెలుస్తుంది. బండిని రాత్రి షెడ్డులో ఉంచుకోండి. పొద్దున్న స్టార్ట్ చేయకముందే సైలెన్సర్ మూతికి బ్లోయర్ పెట్టి గాలి ఊది, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోటే లీకు. ప్యాకింగ్ పక్కన మసి చార ఉంటే ఆ పరీక్ష కూడా అక్కర్లేదు.

ఇక డబ్బు. మీ రేట్లు మీవి, లెక్క కోసం అంకెలు వేసుకుందాం. కంపెనీ సెట్టు 9 వేలు, స్టడ్డులు ప్యాకింగులు 1,500, మెషినింగ్ 1,000, ఇద్దరు మనుషులు రెండు రోజులు, మనిషికి వెయ్యి చొప్పున 4 వేలు. మొత్తం 15,500. పైపు మేనిఫోల్డ్ సామాను 5 వేలే కావచ్చు, ఓనర్‌కి కనిపించేది ఆ అంకె. కానీ ఫ్లాంజి కోయించడం 2 వేలు, వెల్డరుకి 3 వేలు, టర్బో విడిగా 6 వేలు, ఇద్దరికి ఐదు రోజులు 10 వేలు. అప్పుడే 26 వేలు, అదీ పగలకపోతే. ఆ మూడు అదనపు రోజులు షెడ్డులో చోటు ఆగిపోవడం ఈ లెక్కలో లేదు. కొటేషన్ ఇచ్చేటప్పుడు ఎగ్జాస్ట్ పనిని విడి లైనుగా రాయండి. "ఇంజన్ మార్పు, అంతా కలిపి" అని రాసి ఇస్తే ఆ రెండో వారం ఖర్చంతా మీ జేబులోంచే.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఆర్సీలో ఉన్న వివరాలకీ బండికీ తేడా వచ్చే మార్పు చేయకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రెండు ఇంజన్లూ మహీంద్రావే కదా అన్న వాదన నిలవదు. రకం వేరు, సీసీ వేరు. జనాన్ని ఎక్కించుకునే బండికైతే అనుమతి కాగితం చూడకుండా నేను చెయ్యి వేయను. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు ముందు చూసేది ఇంజన్ నంబరే. రాజాం 2022 ఏప్రిల్లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఏపీ 30 నంబరున్న పాత బండ్లు ఇక్కడ ఇంకా చాలా తిరుగుతున్నాయి. ఏ ఆఫీసులో అడగాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోమని ఓనర్‌కి చెప్పండి. డోనర్ ఇంజన్ కొన్న రసీదు మీద ఇంజన్ నంబర్ రాయించుకుని ఒక కాపీ షెడ్డులో ఉంచండి. దొంగ బండి ఇంజన్ అని తేలితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది బిగించినవాడి దగ్గరికే. ఈజీఆర్‌కి మూత కొట్టేయమని కూడా అడుగుతారు. రోడ్డు మీద తిరిగే బండికి అది కుదరదని చెప్పండి.

బండి అప్పగించేటప్పుడు రెండు మాటలు బిల్లు వెనక రాసి ఇవ్వండి, నోటితో చెబితే గుర్తుండదు. ఎత్తెక్కి వచ్చాక ఇంజన్ ఒకటి రెండు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి అప్పుడు ఆపాలి. 500 కిలోమీటర్లకి తిరిగి తేవాలి, చల్లటి ఇంజన్ మీద మేనిఫోల్డ్ నట్టులు మళ్లీ బిగించాలి. తెస్తామనే అంటారు. బండి బాగా లాగుతున్నన్నాళ్లూ ఎవరూ తేరు. రెండు వారాలు చూసి మీరే ఫోన్ చేయండి, ముందురోజు సాయంత్రమే బండి షెడ్డులో పెట్టమనండి. సంత రోజు మాత్రం పిలవకండి, ఆ రోజు రాడు.